ఒకవైపు మాటలే

క్లెమ్ ట్రాస్క్ వాగులో కొట్టుకుపోయి ఏడాదిన్నర దాటింది. అతని భార్య నోరీన్ ఇప్పటిదాకా ఏడవలేదు. మొదట్లో ఊళ్ళోవాళ్ళు పాపం, దిమ్మెరపోయింది అన్నారు. కొన్నాళ్ళకి గుండె రాయి చేసుకుంది అన్నారు. ఆ తర్వాత అనడం మానేసి, ఊరి క్లబ్బులో ఆమె వండిన కూర తిని, బాగుందమ్మా అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు.

వారెండా సిడ్నీకి చాలా దూరంలో, గొర్రెల మీద బతికే ఊరు. మామూలు రోజుల్లో క్లబ్బులో వండే నోరీన్ ఉన్ని కత్తిరించే రోజుల్లో షెడ్లవెంట తిరుగుతూ పనివాళ్ళకి వంట చేసేది. క్లెమ్ పోయిన సాయంత్రం కూడా ఊరికి దూరంగా ఒక షెడ్డు వంటింట్లోనే ఉంది. పోలీసు కుర్రాడు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీరొకసారి కూర్చోవాలండీ" అన్నాడు. ఆమె ఓవెన్ వైపు తిరిగి, "ఒక్క క్షణం ఉండు నాయనా, ఇది మాడిపోతుంది" అని మాంసం పళ్ళెం బయటికి తీసి, పైన గుడ్డ కప్పి, అప్పుడు కూర్చుంది. అతను చెప్పిందంతా విని, సరే అంది. ఆ రాత్రి పనివాళ్ళకి భోజనం కూడా ఆమే వడ్డించింది. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

జరిగింది పెద్ద కథేమీ కాదు. పైన ఎక్కడో కురిసిన వానకి పాండీ వాగు పొంగింది. క్లెమ్ రోజూ దాటే కాజ్‌వే, వాగుకి అడ్డంగా వేసిన రోడ్డే కదా అని పికప్ బండిని నీళ్ళలోకి దింపాడు. బండి సగంలో పక్కకి ఒరిగి, కంచె స్తంభానికి తట్టుకుని ఆగింది. తర్వాత స్తంభం కూడా ఆగలేదు.

ఇదంతా నోరీన్‌కి మొదటి వారంలోనే తెలిసింది. తెలియంది ఒక్కటే, అది చావు విచారణ నివేదిక చదివినప్పుడు బయటపడింది. బండిలో చిక్కుకున్నాక క్లెమ్ అత్యవసర ఫోన్ కేంద్రానికి ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. నివేదికలో ఆ సంగతికి ఒక వాక్యం ఇచ్చి, కింది పేరాలో వాన గురించి రాసుకుపోయారు.

ఆ సాయంత్రం నోరీన్ ఫోను షెడ్డు వంటింట్లో పిండి డబ్బాల పక్కన ఉంది. పనిచేస్తూనే ఉంది. మోగలేదు.

"ఆ వాగు దగ్గర సిగ్నల్ ఉండదే. ఎమర్జెన్సీ నంబరొక్కటే తగులుతుంది. మామూలు ఫోను కలవదు" అంది బెరిల్. బెరిల్ క్లెమ్‌కి అక్క. భర్త పోయాక పక్క వీధిలోనే ఒంటరిగా ఉంటోంది. నోరు పెద్దది, మోకాళ్ళు పాడైనవి.

"అంతే అయ్యుంటుంది వదినా" అంది నోరీన్.

కాని మర్నాడు గ్రంథాలయానికి వెళ్ళి, ప్రభుత్వ సమాచారం ఎలా అడగాలో కనుక్కుని, ఆ ఫోన్ రికార్డింగు కావాలని అర్జీ పెట్టింది. ఫోన్ కేంద్రంవాళ్ళు కుదరదన్నారు. మళ్ళీ పరిశీలించమంది. మళ్ళీ కుదరదన్నారు. రెండోసారి కారణాలు వివరంగా రాశారు. ఫోనెత్తిన ఉద్యోగి వ్యక్తిగత వివరాలు అందులో ఉన్నాయట. ఇలాంటివి బయటికిస్తే రేపు జనం ఫోను చెయ్యడానికి జంకుతారట. పైగా, అది వింటే దరఖాస్తుదారుకి తీవ్రమైన మనోవేదన కలగవచ్చునట.

బెరిల్ ఆ ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని చదివింది. "చూశావుటే, నీకు బాధ కలుగుతుందేమోనని పాపం వాళ్ళు కుమిలిపోతున్నారు! ఇంతటి ఆప్తులు మనకి సిడ్నీలో ఉన్నారని తెలీక ఇన్నాళ్ళూ వాళ్ళకో కేకు ముక్క కూడా పంపలేదు."

నోరీన్ నవ్వలేదు, కోప్పడలేదు. ఉత్తరం చివర, ఈ నిర్ణయం నచ్చకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చని చిన్న అక్షరాల్లో ఉంది. వెళ్ళింది.

*

విచారణ సిడ్నీలో. ఇద్దరూ ముందురోజే రైల్లో వచ్చి ఒక చవక హోటల్లో దిగారు. ట్రిబ్యునల్ అంటే విగ్గులూ నల్లకోట్లూ ఉంటాయనుకుంది బెరిల్. తీరా చూస్తే అది బ్యాంకులో అప్పు మాట్లాడుకునే గదిలా ఉంది. పొడవాటి బల్ల, కుర్చీలు, మూలన ఒక మొక్క. తీర్పు చెప్పవలసిన సభ్యుడి పేరు హాలరన్. భారీ మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ఫోన్ కేంద్రం తరఫున వచ్చిన లాయరు ట్రెగెల్లా అనే పిల్ల. మహా అయితే ముప్పై ఉంటాయి.

"ట్రాస్క్ గారూ, మీరు లాయర్ని పెట్టుకోలేదని కంగారు పడకండి" అన్నాడు హాలరన్. "ఇక్కడ మీరు రుజువు చెయ్యవలసిందేమీ లేదు. ఇవ్వకపోవడం న్యాయమేనని చూపించవలసిన పని వాళ్ళది."

"సరేనండీ."

ట్రెగెల్లా లేచి చట్టంలోని భాగాలు ఒక్కొక్కటే చదువుతూ పోయింది. గొంతు గలగలమని బాగుంది. ఏ మాటా నోరీన్‌లోకి దిగలేదు. రేడియోలో గొర్రెల ధరలు చదువుతున్నట్టు అనిపించింది. ఒక్కచోట మాత్రం ఆ పిల్ల నాలుక తడబడింది. "సదరు ఉద్యోగి ఇందుకు అభ్యంతరం తెలిపారు. ఆ రాత్రి తర్వాత ఆవిడ..." అని, చటుక్కున ఆగి, "ఆ ఉద్యోగి..." అని సర్దుకుంది.

ఆవిడ. అయితే అవతల ఫోనెత్తింది ఆడమనిషి. ఏడాదిన్నరలో నోరీన్‌కి కొత్తగా తెలిసింది అదొక్కటే. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక అలాగే మనసులో ఉంచుకుంది.

తర్వాత హాలరన్ కళ్ళజోడు సర్దుకుని చెప్పాడు. "ఇప్పుడు ఆ రికార్డింగు నేను వినాలి. అది వింటూ కేంద్రంవాళ్ళని కొన్ని ప్రశ్నలు కూడా అడగాలి. ఇవ్వాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు కనక, ఆ కాసేపూ మీరు ఈ గదిలో ఉండటానికి వీల్లేదు. ఇది మీకు ఎలా ఉంటుందో ఊహించగలను."

"ఊహించగలరా?" అంది బెరిల్.

"వదినా, లే" అంది నోరీన్.

బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. తలుపు మందంగా ఉంది. బెరిల్ కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది. ఎదురుగా కాపలా మనిషి ఉన్నాడని కూడా చూడకుండా చెవి ఆనించింది.

"అమ్మా, అలా చెయ్యకూడదండీ" అన్నాడతను.

"ఏం, చేస్తే? లోపల మాట్లాడుతున్నవాడు నా తమ్ముడు. వాడికి ముక్కు తుడవడం నేర్పింది నేను. వాడి గొంతు వినడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి, నన్ను గుమ్మం బయట నిలబెడతారా? మీ అమ్మని ఇలాగే నిలబెడతావా నువ్వు?"

కాపలా మనిషి ఇబ్బందిగా నేల చూశాడు. "ఏమీ వినపడదులెండి. నేనెప్పుడూ విననే లేదు."

నిజంగానే ఏమీ వినపడలేదు. బెరిల్ వచ్చి కుర్చీలో కూలబడి, మోకాలు రుద్దుకుంటూ, "ఆ మొక్కయినా నయం. దాన్ని బయటికి పంపలేదు" అంది.

నోరీన్ తలుపు పిడికేసి చూస్తూ కూర్చుంది. అవతల, పదడుగుల దూరంలో, క్లెమ్ మాట్లాడుతున్నాడు. ఆ ఆలోచనకి ఏదో ఒకటి అనిపించాలి. తనలో ఏమైనా కదులుతుందేమోనని కాసేపు కాచుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి, అంతే. రేపు క్లబ్బులో ఉల్లిపాయలు అయిపోయి ఉంటాయని గుర్తొచ్చింది.

మళ్ళీ లోపలికి పిలిచేసరికి గది మారిపోయింది. బల్లా కుర్చీలూ అవే, మనుషుల తీరే మారింది. ట్రెగెల్లా తల వంచుకుని, ముందే సర్ది ఉన్న కాగితాలని మళ్ళీ సర్దుతోంది. లోపలే ఉండి విన్న గుమాస్తా ఎవరూ చెప్పకుండానే నోరీన్ ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళాడు. హాలరన్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాడు. అది లేకుండా ఆయన మొహం ఉతికిన గుడ్డలా వెలవెలబోయింది.

"ట్రాస్క్ గారూ" అన్నాడు. "చట్టప్రకారం ఇది నేను అడగనక్కర్లేదు, మీరు చెప్పనక్కర్లేదు. అయినా అడుగుతాను. అది మీకెందుకు కావాలి?"

రైల్లో బెరిల్ ఆమె చేత ఒక జవాబు వల్లెవేయించింది. హక్కు, ఆఖరి చూపు, మనశ్శాంతి లాంటి మాటలు అందులో ఉన్నాయి. నోరీన్‌కి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆయన ఏమన్నాడో ఇప్పుడు మీకు తెలుసు" అంది. "ఆ లాయరమ్మకి తెలుసు. ఆ గ్లాసు పెట్టినాయనకి తెలుసు. ఇక్కడ తెలీంది మా వదినకీ నాకే." గ్లాసు పక్కకి జరిపింది. "నాకెందుకు ఫోను చెయ్యలేదో తెలుసుకుందామని, అయ్యా. సిగ్నల్ లేదంటారు. అదే అయితే అదే. అది కూడా మీకు తెలుసు కదా, ఇప్పుడు."

తెలిసినా హాలరన్ అది చెప్పకూడదు. కళ్ళజోడు తీసుకుని, రెండు వైపులా తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

*

తీర్పు వసంతంలో వచ్చింది. సగం ఇటూ, సగం అటూ. నోరీన్ ఒక్కర్తే కేంద్రం ఆఫీసుకి వెళ్ళి ఆ రికార్డింగు వినవచ్చు. కాపీ ఇవ్వరు. అవతలి ఉద్యోగి మాటలన్నీ తీసేసి, అక్కడ నిశ్శబ్దం ఉంచుతారు. క్లెమ్ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తారు.

"సగం కాపురంలా ఉందే ఇది" అంది బెరిల్. "సరే, నడు. నేనూ వస్తాను. ఒక్కదానివే వెళ్ళడానికి వీల్లేదు."

ఆఫీసు కింద కాఫీ అంగడిలో బెరిల్‌ని కూర్చోబెట్టి నోరీన్ పైకెళ్ళింది. నజ్వా అనే అధికారి ఎదురొచ్చింది. నోరీన్ వయసే ఉంటుంది. చిన్న గదిలో కంప్యూటరు, చెవులకి పెట్టుకునే ఫోన్లు, కాగితపు రుమాళ్ళ పెట్టె ఉన్నాయి. నజ్వా ఆ పెట్టెని నోరీన్ వైపు కొంచెం జరిపింది.

"ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతానండీ. మళ్ళీ కావాలంటే మళ్ళీ పెడతాను. నేను గదిలో ఉండాలి, అది రూలు. అటు తిరిగి కూర్చుంటాను."

"మీరు ఎలా కూర్చున్నా ఫర్వాలేదమ్మా."

ముందు నీళ్ళ హోరు. తర్వాత క్లెమ్.

"ఆఁ, అంబులెన్సు కాదు, పడవలాంటిది ఏదైనా ఉంటే పంపండి. పాండీ వాగు కాజ్‌వే." నిశ్శబ్దం. "అడ్డరోడ్డా? ఇక్కడ అడ్డరోడ్డూ లేదు, నిలువురోడ్డూ లేదమ్మా, ఉన్నది ఈ ఒక్క రోడ్డే, అది ఇప్పుడు నీళ్ళ కింద ఉంది." నిశ్శబ్దం. "ట్రాస్క్. క్లెమ్ ట్రాస్క్." నిశ్శబ్దం. "నడుం దాకా వచ్చింది. అద్దం దిగడం లేదు, కరెంటు పోయింది. తలుపు కంచెకి నొక్కుకుపోయింది." నిశ్శబ్దం. "తన్నాను. తంతూనే ఉన్నాను."

ఆ గొంతు నోరీన్‌కి తెలిసిందే. బండి చెడినప్పుడు, పన్నుల ఆఫీసుతో మాట్లాడినప్పుడు వచ్చే గొంతు, మర్యాదగా, కొంచెం విసుగ్గా. నిశ్శబ్దాలు ఒకలా లేవు. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. అవతలి మనిషి ఎక్కడ పొడుగ్గా మాట్లాడిందో తెలుస్తోంది, ఏం మాట్లాడిందో తెలియడం లేదు.

"బయల్దేరారా? మంచిది. ఎక్కణ్ణించి? ఓహో. అది చాలా దూరం తల్లీ." కాసేపు నీళ్ళు. "లేదు, తెలుసు. నువ్వేం చేస్తావులే."

తర్వాత ఒక పెద్ద నిశ్శబ్దం వచ్చింది. దాని చివర క్లెమ్ గొంతు మారింది.

"వద్దు. వద్దమ్మా, మా ఆవిడకి కలపొద్దు." నిశ్శబ్దం. "మీ దగ్గర్నించైతే కలుస్తుందని తెలుసు. ఫోను దగ్గరే ఉంటుంది. అందుకే వద్దంటున్నాను. కలిపితే పెట్టెయ్యదు. చివరిదాకా వింటూ నిలబడుతుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అదే వింటుంది. దాని సంగతి నాకు తెలుసు." నిశ్శబ్దం. "నువ్వుండు, చాలు. ఉంటావా? నీ పేరేంటి?"

నిశ్శబ్దం.

"మంచి పేరు" అన్నాడు క్లెమ్.

ఆ తర్వాత అతను మామూలుగా మాట్లాడాడు. నీకు పెళ్ళయిందా అని అడిగాడు. నీ డ్యూటీ ఎప్పుడైపోతుందన్నాడు. ఈసారి ఉన్ని బాగా వచ్చిందన్నాడు. మధ్యలో ఒకసారి, "ఏడవకు. ఏయ్, ఏడవకూడదు" అన్నాడు. చివరికి మాటలు తగ్గి నీళ్ళు పెరిగాయి. నీళ్ళొక్కటే మిగిలాక కూడా రికార్డింగు చాలాసేపు నడిచింది. అవతలివాళ్ళు ఫోను పెట్టెయ్యలేదన్నమాట.

నోరీన్ చెవుల ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కాగితపు రుమాళ్ళ పెట్టె ఉన్నచోటే ఉంది.

"మళ్ళీ వింటారా?" అంది నజ్వా.

"వద్దమ్మా." లేచి చేతిసంచీ తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఆ అమ్మాయికి చెప్పండి. నేను విన్నానని, ఆమె తప్పేం లేదని."

నజ్వా ఇటు చూసి అటు చూసింది. "చెప్పడానికి నాకు వీల్లేదండీ. అసలు..." అని గొంతు తగ్గించింది. "ఇప్పుడిక్కడ పనిచెయ్యడం లేదు. చాలా రోజులైంది మానేసి."

"పేరేంటో..." అని మొదలుపెట్టి, "వద్దులెండి" అంది నోరీన్.

*

కాఫీ అంగడిలో బెరిల్ ఏమీ అడగలేదు. రైలెక్కాక కూడా అడగలేదు. నగరం దాటింది, కొండలు దాటాయి. బెరిల్ అంతసేపు నోరు మూసుకుని ఉండటం నోరీన్ ఎన్నడూ చూడలేదు. బయట గోధుమ పొలాలు మొదలయ్యాక ఇక ఉండబట్టలేకపోయింది.

"నోరీన్. ఏమన్నాడే?"

నోరీన్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు తను గది లోపల ఉంది, బెరిల్ గుమ్మం బయట ఉంది. సిగ్నల్ కలవలేదట వదినా, అంటే అక్కడితో సరిపోతుంది. బెరిల్‌కి నిద్ర పడుతుంది. తప్పు కూడా కాదు. ఈ ముసలామెకి ఏది మంచిదో తనకి తెలియదా?

ఆ ఆలోచన అంత తేలిగ్గా రావడం చూసి నోరీన్ ఉలిక్కిపడి వదిన వైపు తిరిగింది.

"చెప్తాను" అంది. "అంతా చెప్తాను. మధ్యలో ఆపకు."

మొదట్నించీ చెప్పింది. నిశ్శబ్దాలు ఎక్కడెక్కడ వచ్చాయో కూడా చెప్పింది. అద్దం గురించి, వాళ్ళు రావలసిన దూరం గురించి, కలపొద్దన్న మాట గురించి, పేరు అడగడం గురించి. నీళ్ళ గురించి కూడా. క్లబ్బులో రేపటి వంటకాలు చదివినట్టే చెప్పింది.

బెరిల్ మొహం ముడుచుకుపోయింది. ముందు ఏడ్చింది, తర్వాత ముక్కు చీదుకుంది. తర్వాత మండిపడింది.

"నిన్నడిగాడా?"

"ఏం?"

"వినగలవా లేదా అని నిన్నడిగాడా వాడు? నీకేది మంచిదో వాడెవడు తేల్చడానికి? చిన్నప్పుణ్ణించీ అంతే వెధవ. మా కుక్క చచ్చిపోతే నేను ఏడుస్తానని, చెప్పకుండా పాతిపెట్టేసి వచ్చాడు. నేను వారం రోజులు ఊరంతా దాన్ని పిలుచుకుంటూ తిరిగాను. చెప్పలేదు! నా మంచికేనట!"

ఎదుటి సీటాయన పేపరు దించి చూశాడు. "మీరు చదువుకోండి, మా ఇంటి గొడవ ఇది" అంది బెరిల్. ఆయన పేపరు ఎత్తుకున్నాడు.

"అడగలేదు" అంది నోరీన్ మెల్లగా. "నన్నెవరూ అడగలేదు."

"అడిగితే ఏమనేదానివి?"

నోరీన్ ఆలోచించింది. షెడ్డు వంటింట్లో ఫోను మోగడం, పిండి చేతులు తుడుచుకోవడం, ఎత్తడం. నిజమే, పెట్టేసేది కాదు. అతను చెప్పినట్టే నిలబడి ఉండేది. అంత బాగా ఎరిగినవాడు. అందుకు అతని మీద కోపం వస్తుందేమోనని చూసింది. చాలా కింద, ఎక్కడో, గిన్నె అడుగున అంటుకున్న మాడులాంటిది కొంచెం తగిలింది. కోపమో కాదో చెప్పలేకపోయింది. అంతకు మించి ఏమీ రాలేదు.

"కలపమనేదాన్ని" అంది.

బెరిల్ తలూపింది. కాసేపటికి ఏడ్చిన అలసటకి నిద్రపోయి, బరువంతా నోరీన్ భుజం మీద వాల్చేసింది. పొలాలు పోయి ఎర్రమట్టి వచ్చింది. టికెట్లు చూసే మనిషి వచ్చి, నిద్రపోతున్న బెరిల్‌ని చూసి, లేపవద్దన్నట్టు చెయ్యి ఊపి, నోరీన్ చేతిలోని రెండు టికెట్లూ చూసి వెళ్ళాడు.

నోరీన్ చెయ్యి తిమ్మిరెక్కింది. వారెండా ఇంకా దూరం. వదిన తల కింద ఆ భుజాన్ని అలాగే ఉంచింది.